శనివారం ముఖం

మేస్త్రి గోడకు మూడో చిల్లు పెడుతుండగా పిచ్చుక షూటింగ్ ఫ్లోర్‌లోకి వచ్చింది. గోడ అంటే ప్లైవుడ్డే. వెనక కర్రల దన్ను, ముందు పసుపు రంగు. పడగ్గది తలుపు నుంచి వంటింటి గడప దాకా నేల మీద ఒక స్టీలు కడ్డీ పరిచి ఉంది. మేస్త్రి మెషిన్ ఆపి, చిల్లులోకి ఊది, కంట్లో దుమ్ము పడితే భుజంతో తుడుచుకున్నాడు.

“ఇదేంటి బాబాయ్?”

పళ్ళ మధ్య పట్టుకున్న మరలు అరచేతిలోకి తీసుకున్నాడు. “కడ్డీ.”

“అది కనబడుతూనే ఉంది. ఎవరికి?”

“నన్నడిగితే? పడగొట్టమంటే పడగొడతా, కట్టమంటే కడతా. ఆస్పత్రుల్లో పట్టుకుని నడవడానికి ఉంటాయి చూడు, అట్లాంటిది పెట్టమన్నాడు మీ మామయ్య. శనివారం రికార్డింగ్‌కి ఉండాలంట.” మరోసారి ఊదాడు. “ఉత్తుత్తిది కాదంట. మనిషి బరువు ఆగాలంట.”

ఆ ఇంట్లో అన్నీ ఉత్తుత్తివే. కుళాయి తిప్పితే నీళ్ళు రావు. ఫ్రిజ్ వెనక వైరు లేదు. కిటికీ అవతల కనిపించే చెట్టు గుడ్డ మీద వేసిన బొమ్మ. పద్దెనిమిదేళ్ళుగా పిచ్చుక ఆ ఇంట్లో పెరుగుతోంది. వారానికోసారి జనం టీవీ ముందు కూర్చుని ఆమె పెరగడం చూసి నవ్వుతున్నారు. నాలుగేళ్ళ వయసులో పెట్టిన ఆ పాత్ర పేరే బయటా నిలిచిపోయింది. ఇరవై రెండేళ్ళ మనిషిని కూరగాయల కొట్టు దగ్గర కూడా పిచ్చుకా అనే పిలుస్తారు.

సెట్టు మీదికి కొత్త వస్తువు వచ్చిందంటే, అది ఆమె సొంత ఇంట్లో ముందే వచ్చి ఉండాలి. యూనిట్లో అందరికీ తెలిసిన సంగతే. సీరియల్ రాసేది ఆమె మేనమామ. అమ్మ అన్నయ్యకు చెప్పని విషయం ఉండదు, అన్నయ్య రాయని విషయం ఉండదు. ఇంట్లో నాన్న మీసం తీసేస్తే ఇక్కడ సెట్టు నాన్న మీసం పోయింది. ఆయన ఇప్పటికీ పై పెదవి తడుముకుని అసలు నాన్నను తిట్టుకుంటాడు.

ఇంట్లో మాత్రం కడ్డీ లేదు.

మేకప్ గదిలో సెట్టు అమ్మ అద్దంలోంచే పట్టుకుంది. “రా తల్లీ. మీ అమ్మకి ఒంట్లో ఎలా ఉంది?”

“బాగానే ఉంది పిన్నీ.”

“నిజం చెప్పవే. మీ అమ్మ కాలు బెణికితే నేను నాలుగు ఎపిసోడ్లు కుంటాను. మీ అమ్మ ఉపవాసముంటే నాకు డొక్క మాడుతుంది. ఇప్పుడు కడ్డీ దిగింది. నన్ను మంచాన పడేస్తున్నారా?”

“నాకేం తెలుసు పిన్నీ?”

“మంచాన పడ్డవాళ్ళకి డైలాగులుండవే. ముందు మంచం, తర్వాత గోడ మీద ఫొటో.” మేకప్ చేసే ఆవిడ నవ్వింది. సెట్టు అమ్మ నవ్వలేదు. “నువ్వు నవ్వకు. రేపు నా బదులు ఫొటోకి పౌడరు రాద్దువుగాని.”

సెట్టు నాన్న తలుపులోంచి తొంగి చూశాడు. “కడ్డీ నాకై ఉంటుంది. వాళ్ళ నాన్న మోకాళ్ళు అరిగి ఉంటాయి. ఏమ్మా, మీ నాన్న మెట్లెక్కుతున్నాడా?”

“ఎక్కుతున్నారు.”

“దిగుతున్నాడా?”

పిచ్చుకకు తమ ఇంటి మెట్లు గుర్తొచ్చాయి. నాన్న కొన్నాళ్ళుగా ఆమెతో పాటు కింది దాకా వస్తున్నాడు. మెట్లు దిగేటప్పుడు ఆమె మోచెయ్యి పట్టుకుంటున్నాడు.

“దిగుతున్నారు,” అంది.

రిహార్సల్లో ట్రే పట్టుకుని వంటింట్లోంచి రావాలి. తివాచీ అంచు కాలికి తగిలి రెండు గ్లాసులు ఒరిగాయి. డైరెక్టర్ పాతికేళ్ళుగా అరుపులతోనే బతికిన మనిషి. “పర్లేదు,” అన్నాడు. ట్రే అందుకుంటూ మళ్ళీ “పర్లేదమ్మా” అన్నాడు. ఈ మధ్య పర్లేదులు ఎక్కువయ్యాయి. శనివారం చివరి సీను దగ్గరికి వచ్చేసరికి ఆమెను వెళ్ళిపొమ్మన్నాడు.

“దీనికి నువ్వు అక్కర్లేదు. ఆ రోజు లోపలికొచ్చి, కడ్డీ చూసి, ‘ఇదెవరికి?’ అను చాలు. తర్వాత నీకేం తోస్తే అది.”

ఆఖరి పేజీ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు; ఉన్నంతవరకు చదవడానికి మిగిలినవాళ్ళు సోఫా చుట్టూ చేరారు. ఆమె తలుపు దాటేదాకా ఎవరూ నోరు విప్పలేదు.

*

ఆ సాయంత్రం పిచ్చుక ఇంట్లో కూర్చుని ఇద్దరినీ చూసింది. అమ్మ స్టూలెక్కి పై అరలోంచి డబ్బా దించింది. స్టూలు కదల్లేదు, అమ్మ కదల్లేదు. నాన్న కరెంటాఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పి, గోడకు చెయ్యి ఆనించకుండా ఒంటికాలి మీద నిలబడి సాక్సు లాగేశాడు. సూదిలోకి దారం ఎక్కించమని అమ్మ ఇస్తే మొదటిసారికే ఎక్కించాడు.

“ఏంటే అలా చూస్తున్నావు?” అంది అమ్మ.

“ఏం లేదు. నీకు కాళ్ళు లాగడం, అలాంటివేమైనా ఉన్నాయా?”

అమ్మ చేతిలో గుండీ ఆగింది. “నాకా? నాకేం లేవే. ఎందుకడిగావు?”

“పిన్ని అడిగింది.”

“దానికి పనేముంది.” గుండీ కుట్టడం మొదలుపెట్టింది. “నువ్వు విటమిన్ మాత్ర వేసుకున్నావా?”

వేసుకుంది. ఆ మధ్య సెట్టు మెట్ల మీద తను పడినప్పుడు అమ్మే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు పిక్కలోకి సన్నటి సూదులు గుచ్చి తెర మీద గీతలు చూశాడు. తర్వాత అమ్మ ఒక్కతే లోపలికి వెళ్ళి వచ్చి, బలం లేదన్నాడే, మాత్రలిచ్చాడు అంది. ఆ మాత్రలు భోజనం తర్వాత నీళ్ళ గ్లాసుతో సహా అమ్మే తెచ్చిస్తుంది.

ఫోన్ మోగింది. అమ్మ పేరు చూసి బాల్కనీలోకి వెళ్ళి తలుపు చేరవేసింది. అన్నయ్యతో మాట్లాడేటప్పుడు అమ్మ ఎప్పుడూ తలుపు వేయలేదు. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ, నలుగురిలో గొంతెత్తి మాట్లాడేది. తలుపు అద్దంలోంచి అమ్మ వీపు కనిపిస్తోంది. తల రెండుసార్లు అడ్డంగా ఊపింది. చివరికి నిలువుగా ఊపింది.

నాన్న పేపరు పట్టుకుని ఉన్నాడు. పేజీ తిప్పడం లేదు.

*

పబ్లిసిటీ వాళ్ళు త్వరలో రాబోయే వెయ్యో ఎపిసోడ్ కోసం ఒక కూర్పు చేస్తున్నారు. పిచ్చుక మైలురాళ్ళు అని పేరు పెట్టారు. మర్నాడు షాట్ల మధ్య ఖాళీ దొరికితే ఎడిటింగ్ చేసే అమ్మాయి పిచ్చుకను చేయి పట్టుకుని తన గదికి తీసుకెళ్ళింది.

“కూర్చోక్కా. నువ్వు చూస్తుంటే నేను నీ ముఖం చూస్తా.”

మొదటిది పన్ను. ఆరేళ్ళ పిల్ల నోరు తెరిచి సెట్టు నాన్న ముందు నిలబడింది. ఊగుతున్న పన్ను చూస్తానని చెప్పి దారం కట్టి లాగేశాడు. పిల్ల నోట్లో వేలు పెట్టుకుని చూసుకుంది. రికార్డింగ్ చూడ్డానికి వచ్చి గ్యాలరీలో కూర్చున్న జనం పగలబడి నవ్వారు. ఆ పన్ను నిజం, ఆ రక్తం నిజం.

రెండోది కుక్క. ఇంట్లో కుక్క ఆ పొద్దున చచ్చిపోయింది. ఆమెకు మాత్రం సాయంత్రం దాకా చెప్పలేదు. కెమెరాలు తిరుగుతుండగా సెట్టు అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని చెప్పింది. ఆ ఎపిసోడ్‌ను మూడుసార్లు మళ్ళీ వేశారు.

మూడోది పరీక్ష. పదహారేళ్ళు. రిజల్టు అమ్మ ముందే చూసింది. పిచ్చుక తప్పిందని సీరియల్ ఇంట్లో, నూట యాభై మంది ముందు తెలిసింది. దానికి అవార్డు వచ్చింది. ఉత్తమ సహజ నటన.

“ఇది నేర్పితే వచ్చేది కాదక్కా,” అంది ఎడిటింగ్ అమ్మాయి. “సినిమా కాలేజీలో మాకు ఈ క్లిప్పు పాఠం. చూడు, తెలిసిన తర్వాత కూడా నవ్వు పోదు. పోవడం మర్చిపోయినట్టు అక్కడే ఉంటుంది.”

“మళ్ళీ వెయ్యి.”

మళ్ళీ వేసింది. పిచ్చుక ఈసారి కళ్ళు చూసింది. మూడు క్లిప్పుల్లోనూ, మాట చెవిన పడగానే కళ్ళు ముందు ఎడమ పక్కకు పోతున్నాయి. కెమెరా పక్కన, తెర మీదికి రాని చోట, అమ్మ నిలబడేది అక్కడే. నిజమా అని అమ్మను అడుగుతున్నాయి. ఆ తర్వాతే గడ్డం వణుకుతోంది.

అవార్డు క్లిప్పు అయిపోయాక తెర నల్లబడింది. కింద అంకెలు మాత్రం పరుగెడుతున్నాయి.

“అయిపోయిందా?”

“లేదు, ఖాళీ ఉంచాను. నాలుగో మైలురాయికి. శనివారం రికార్డయ్యాక పెడతారంట.” ఎడిటింగ్ అమ్మాయి కుర్చీ తిప్పింది. “ఏంటక్కా అది? పెళ్ళా? నాకైనా చెప్పొచ్చుగా.”

పిచ్చుక ఆ నలుపు వంక చూసింది. “నాకు చెప్పలేదే,” అంది.

“అంతేలే. నీకు చెప్పేస్తే ఇంకేముంది!”

ఫ్లోర్‌లోకి తిరిగి వచ్చేసరికి మేస్త్రి రసమట్టం పట్టుకుని ఆమె కోసమే చూస్తున్నాడు. “వచ్చావా. ఒక్క నిమిషం ఇలా నిలబడు. చెయ్యి వదులుగా వేలాడేసి, మోచెయ్యి కొంచెం వంచు.” ఆమె అరచేయి కిందికి పెన్సిల్ తెచ్చి గోడ మీద గీత గీశాడు. “నిన్నటి చిల్లులు పనికిరావంట. నీ చేతికి సరిపోవాలన్నాడు మీ మామయ్య. చూసే జనానికేం తెలుస్తుందయ్యా అంటే, అలా కాదు, అమ్మాయి చేతికే కొలిచి పెట్టు అన్నాడు.”

గీత పక్కనే మెషిన్ మొదలైంది.

పిచ్చుక బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి గడియ పెట్టింది. చెప్పులు విప్పి, బల్ల అంచు పట్టుకుని, మునివేళ్ళ మీదికి లేచింది. ఎడమ మడమ లేచింది. కుడి మడమ నేలకే ఉంది. బరువంతా కుడి వైపు వేసి మళ్ళీ లేవబోయింది. పిక్కలో చర్మం కింద ఏదో పురుగు పాకినట్టు కదిలింది. మడమ లేవలేదు. బయట సెట్టు అమ్మ తలుపు కొట్టి, “ఏమ్మా, మీ అమ్మని కనుక్కున్నావా?” అంది.

*

మర్నాడు పొద్దున రెండో అంతస్తు మలుపులో పిచ్చుక ఆగింది. నాన్న చెయ్యి ఆమె మోచేతి కింద ఉంది.

“నాన్నా, నీకు మోకాళ్ళ నొప్పులా?”

“లేవే.”

“కళ్ళు తిరుగుతాయా?”

“ఛ. ఎవరన్నారు?”

“మరి నన్నెందుకు పట్టుకుంటున్నావు?”

నాన్న చెయ్యి తీసేశాడు. ఆమె ఒక మెట్టు కిందికి అడుగు వేసింది. ఆయన చెయ్యి దానంతటదే తిరిగి వచ్చింది. మెట్టు మీద చేతిరుమాలు పరిచి ఆమెను కూర్చోమని, పక్కన తనూ కూర్చున్నాడు. పై వాటాలో ఎవరో కుక్కర్ మూత తీస్తున్నారు.

“నరాలదంట,” అన్నాడు. “నరం చెప్పిన మాట కండకు చేరదంట. కాళ్ళతో మొదలై పైకి వస్తుందంట. నిదానంగానేనంట. ఎంత నిదానం అంటే డాక్టరు చెప్పలేకపోయాడు.”

“నాకెప్పుడు చెబుదామని?”

“శనివారం.”

“ఇంట్లోనా?”

నాన్న మెట్టు అంచును గోటితో గీకాడు.

“ఇంట్లోనా అని అడిగాను.”

“ఆ ఇంట్లో.”

పాలు పోసే అతను పైకి వెళుతూ నమస్కారం పెట్టాడు. ఇద్దరూ పక్కకు జరిగారు. నాన్న నమస్కారం చేసిన చేతులు విడదీయడం మర్చిపోయాడు.

“మీ అమ్మను ఏమీ అనకు. నేను వద్దనే అన్నాను. నా మాట ఎవరు వింటారు? సీరియల్ తీసే కంపెనీ వాళ్ళకి ముందే తెలిస్తే నిన్ను పైచదువుకి పంపించేసినట్టు రాయమంటారంట. రెండు సీన్లు, ఒక సూట్‌కేసు, అయిపోయింది. అదే జబ్బు కథలోకి వచ్చేస్తే నిన్ను కదపలేరంటాడు మీ మామయ్య. కర్ర వస్తే కర్రతో, కుర్చీ వస్తే కుర్చీలో, పదేళ్ళు రాస్తానని మీ అమ్మ చేతిలో చెయ్యి వేశాడు.”

“దానికి నాకు చెప్పకపోవడమెందుకు?”

“చానెల్ ఆవిడకి మీ మామయ్య ఉత్త కథగానే చెప్పాడు, ఒప్పుకోలేదు. రోగిని చూసి ఎవరు నవ్వుతారు అందంట. ఒక్క సీను చూసి అప్పుడు చెప్పండి అన్నాడు. శనివారం ఆవిడ ముందు వరసలో కూర్చుంటుంది.” గొంతు సవరించుకున్నాడు. “నీ ముఖం... అప్పటికప్పుడు తెలిసిన ముఖం ఉండాలన్నాడు. నీకు తెలిసిపోతే అది రాదన్నాడు. ఇప్పుడు నేను చెప్పేశాను.”

ఆయన కళ్ళు తుడుచుకోబోయి చేతిరుమాలు కోసం జేబు తడుముకున్నాడు. రుమాలు ఆమె కింద ఉంది.

“నువ్వు నాకేమీ చెప్పలేదు,” అంది పిచ్చుక. లేచి రుమాలు దులిపి ఇచ్చింది. “పద, కారొచ్చింది.”

కార్లో డ్రైవర్ పలకరించాడు. జవాబు చెప్పింది. ఆ రోజంతా పని మధ్యలో వీలు దొరికినప్పుడల్లా బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి గడియ పెట్టింది. అద్దం ముందు నిలబడి నవ్వింది. నవ్వును పెదవుల మీద వదిలేసి కళ్ళు మాత్రం ఎడమకు తిప్పింది. ముందు గడ్డం కదిలితే అబద్ధంలా ఉంది. ముందు కళ్ళు, తర్వాత ఊపిరి, ఆ తర్వాత గడ్డం. ఊపిరి వదలకూడదు, పట్టుకోవాలి. నటన అనే పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. అవసరం రాలేదు.

శుక్రవారం ఒక మాట దొరికింది. అద్దానికి చెప్పి చూసింది. నాలుగుసార్లు చెప్పాక గొంతు ఎక్కడ విరగాలో తెలిసింది.

*

శనివారం మామయ్య ఫ్లోర్ మీదికి కొత్త చొక్కాతో వచ్చాడు. “ఏమే పిచ్చుకా, తిన్నావా?” అన్నాడు. ఆమె చెప్పుల వైపు చూసి అన్నాడు.

“తిన్నాను మామయ్యా. నువ్వు?”

“నాకెక్కడ దిగుతుందే, రికార్డింగ్ రోజు.” ఆమె తల మీద చెయ్యి పెట్టి తీశాడు. మామయ్య ఇంతకుముందు జడ పట్టుకుని లాగేవాడు.

గ్యాలరీ నిండింది. ముందు వరసలో చానెల్ ఆవిడ ఫోన్ బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది. కెమెరా ఎడమ పక్కన అమ్మ నిలబడింది. మామూలుగా అమ్మ చేతిలో చిక్కుడుకాయలో, ఊలో, ఏదో పని ఉండేది. ఇవాళ ఖాళీ చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. అమ్మ వెనక, కుర్చీల చివర, నాన్న. ఆఫీసుకు సెలవు పెట్టి రికార్డింగ్‌కు రావడం అదే మొదలు.

చివరి సీను. పిచ్చుక తలుపు తోసుకుని సెట్టు మీదికి వచ్చింది. చప్పట్లు. సంచి సోఫాలో పడేసింది. పడగ్గది నుంచి వంటింటి దాకా కడ్డీ మెరుస్తోంది.

“ఇదెవరికి?”

“నాకే,” అన్నాడు సెట్టు నాన్న. “నడుం పట్టేసింది.”

“మీకెందుకు, నాకు!” అంది సెట్టు అమ్మ. “నడుం పట్టాలంటే ముందు వంగి పని చెయ్యాలి.” గ్యాలరీ నవ్వింది. ఇద్దరూ కడ్డీ చెరో కొసా పట్టుకుని పోట్లాడుకున్నారు. ఆయన పాకుతూ వచ్చాడు, ఆవిడ తోసేసింది. నవ్వు పెరిగింది. పిచ్చుక కూడా వాళ్ళతో పాటు నవ్వుతోంది. సెట్టు అమ్మ చెయ్యి ముందు కడ్డీ మీంచి జారింది. ఆవిడకు ఆఖరి పేజీ ఇచ్చి రెండు రోజులైంది. అప్పటి నుంచి పిచ్చుకను ఆవిడ ఏ ప్రశ్నా అడగలేదు.

“నీకేనే,” అన్నాడు సెట్టు నాన్న. “డాక్టరు చెప్పాడమ్మా. నీకే.”

కొందరు అలవాటు కొద్దీ నవ్వి ఆగిపోయారు.

పిచ్చుక నవ్వు పెదవుల మీదే ఉంది. కళ్ళు ఎడమకు వెళ్ళాయి. అమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. పిచ్చుక ఊపిరి పట్టింది. కళ్ళు అక్కడి నుంచి కడ్డీ మీదికి వచ్చాయి. చెయ్యి దాని మీద వేసి, కాలినట్టు తీసేసింది.

“నాకెందుకు?” అంది. “నేను బాగానే ఉన్నాగా.”

గడ్డం అప్పుడు కదిలింది. డైరెక్టర్ కట్ అనలేదు. సెట్టు నాన్నకు తన మాట గుర్తు రాలేదు. నిజంగానే గుర్తు రాలేదు. పిచ్చుక ఆయనకు టైమిచ్చింది. రాదని తెలిశాక, చేతివేలితో కడ్డీ పొడవునా గీస్తూ రెండడుగులు నడిచి, తిరిగి చూసింది.

“దీని మీద తువ్వాళ్ళు ఆరేసుకోవచ్చా?”

‘తువ్వాళ్ళు’ దగ్గర గొంతు విరిగింది. విరగాల్సిన చోటే విరిగింది. ఒక్క క్షణం ఆగి గ్యాలరీ అంతా ఒకేసారి నవ్వింది. నవ్వుతూనే ముక్కులు చీదుకున్నారు. చానెల్ ఆవిడ కళ్ళజోడు తీసి పైటతో తుడుచుకుంది. జనం లేచి నిలబడ్డారు. సెట్టు అమ్మ పిచ్చుకను గట్టిగా కావలించుకుని, “ఇది నటన కాదే తల్లీ, ఇది నటన కాదు,” అని చెవిలో ఏడ్చింది.

కట్ అన్నాక మామయ్య పరుగెత్తుకొచ్చాడు. “ఒప్పుకుంది! వచ్చే ఏడాది మొత్తం నీ మీదే రాయమంది!” ఆయన చెంపలు తడిసి ఉన్నాయి. “నన్ను తిట్టు, కొట్టు, తర్వాత. ఆ తువ్వాళ్ళ మాట ముందు చెప్పు. నేను పుట్టి బుద్ధెరిగి అలాంటిది రాయలేదే. ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“ఏమో మామయ్యా. నోట్లోంచి వచ్చేసింది.”

“అదే! అదే నేను చానెల్ వాళ్ళకి చెప్పింది!”

*

ఇంటికి రాగానే అమ్మ తలుపు గడియ పెట్టింది. సోఫాలో కూతురి పక్కన కూర్చుని, చేతులు పట్టుకుని, అప్పుడు మొదలుపెట్టింది. డాక్టరు ఏమన్నాడో, తను ఎన్నిసార్లు చెప్పబోయిందో, అన్నయ్య ఎందుకు వద్దన్నాడో. “నీ మంచికేనే. నన్ను ఏమన్నా అను. మాట్లాడకుండా మాత్రం ఉండకు. నీ మనసులో ఏముందో చెప్పవే. నాకు కాకపోతే ఎవరికి చెబుతావు?”

నాన్న వంటింటి గుమ్మంలో నీళ్ళ గ్లాసుతో నిలబడ్డాడు.

పిచ్చుక అమ్మ వైపు చూసింది. పెదవుల మీదికి నవ్వు వచ్చి ఆగింది. కళ్ళు నెమ్మదిగా నిండాయి. ఊపిరి పట్టింది. గడ్డం కదిలింది.

“భయంగా ఉందమ్మా,” అంది. ‘అమ్మా’ దగ్గర గొంతు విరిగింది.

“నా తల్లే,” అని అమ్మ ఆమెను గుండెకు అదుముకుంది. బోరున ఏడ్చింది. ఏడుపులో భారం దిగిన ఊపిరి ఉంది. “అంతే, అలా చెప్పెయ్యి. లోపల పెట్టుకోకు. అన్నీ నాకు చెప్పు.”

“చెబుతానమ్మా.”

అమ్మ ముఖం కడుక్కోవడానికి లేచి వెళ్ళింది. బాత్రూంలో నీళ్ళ చప్పుడు మొదలైంది. నాన్న గుమ్మం దగ్గర నుంచి కదల్లేదు. చేతిలో గ్లాసు ఒక పక్కకు ఒరిగి నీళ్ళు నేల మీద పడుతున్నాయి. ఆ సాయంత్రం సెట్టు మీద జరిగినది ఏమిటో తెలిసిన మనిషి ఆయన ఒక్కడే. అదే నవ్వు, అదే ఊపిరి, అదే చోట విరిగిన గొంతు, ఇప్పుడు తన ఇంట్లో, తన సోఫాలో చూశాడు.

“అమ్మా,” అన్నాడు కూతురితో మెల్లిగా. “ఇప్పుడు కూడానా?”

పిచ్చుక తలెత్తింది. చెంప మీది తడి అరచేతి అంచుతో తుడుచుకుంది. తర్వాత ఆయన్ను చూసి నవ్వింది.

నాన్న ఆ నవ్వు వంక చాలాసేపు చూశాడు. అది ఏ నవ్వో ఆయనకు తెలియలేదు.